కౌంటర్ దగ్గర ఆగాల్సింది ఎవరు?

భద్రాచలంలో ఏ జిరాక్స్ షాపులోనైనా కనిపించే పని ఇది. దుమ్ముగూడెం నుంచో చర్ల నుంచో వచ్చిన మనిషి పోడు పట్టా, కుల ధ్రువపత్రం, బ్యాంకు పాసుపుస్తకం స్కాన్ చేయించుకుంటాడు. వాటితో పాటు బంధువుల ఇంట్లో పెళ్లి వీడియో కూడా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమంటాడు. లినక్స్ నడిచే కంప్యూటర్ అయితే తెర మీద గీత పరుగున చివరికి చేరుతుంది. అయిపోయిందనుకుని పెన్‌డ్రైవ్ తీయబోతే కంప్యూటర్ ఒప్పుకోదు. ఇంకా రాస్తున్నాను, ఆగమంటుంది. రెండు నిమిషాలు గడుస్తాయి, ఐదు గడుస్తాయి. బస్సుకు టైమైందని లాగేసి తీసుకెళితే ఇంటి దగ్గర ఫైలు తెరుచుకోదు. గీత చివరిదాకా వెళ్లిన మాట నిజం, రాత పూర్తికాని మాటా నిజం. ఈ రెండు నిజాల మధ్య నిలబడి ఉన్నది కెర్నెల్. ప్రోగ్రాములకూ యంత్ర భాగాలకూ నడుమ ఉండి ఎవరికి ఎప్పుడు ఏది అందాలో తేల్చే మూల సాఫ్ట్‌వేర్ అది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ కెర్నెలే ఇవాళ ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్ లోపలా నడుస్తోంది కాబట్టి, ఖమ్మం నుంచి ఛత్తీస్‌గఢ్ సరిహద్దు గూడేల దాకా ఈ సంగతి కంప్యూటర్ ముఖం చూడని వాళ్లకు కూడా సంబంధించిందే. నిల్వ వేగం డిస్కు కొన్న రోజునే ఖాయమైపోతుందని మనం అనుకుంటాం. అందులో చాలా భాగం, ఎవరిని ఆపాలి, ఎంతసేపు ఆపాలి, ఏ పనిని దేనితో కలిపి పంపాలి అనే కెర్నెల్ నిర్ణయాల్లో ఉందని ఈ వ్యాసం వాదన.

ముందు లెక్క చూద్దాం. పాత కంప్యూటర్లలో ఉండే హార్డ్‌డిస్కు నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 120 చుట్లు. ఒక్క చుట్టుకు 8 మిల్లీసెకన్లకు కాస్త పైన పడుతుంది. కావాల్సిన చోటు చదివే ముల్లు కిందికి రావడానికి సగటున అర చుట్టు, ముల్లు ఆ వరుసకు జరగడానికి ఇంకో 8 మిల్లీసెకన్లు. మొత్తం 12 అనుకుంటే, చెల్లాచెదురుగా ఉన్న ముక్కల్ని సెకనుకు 80 కంటే ఎక్కువ అందుకోలేదు. ముక్క 4 కిలోబైట్లయితే సెకనుకు 320 కిలోబైట్లు. అదే డిస్కు, వరసగా ఉన్నదాన్ని చదవమంటే సెకనుకు 100 మెగాబైట్లు దాటి ఇస్తుంది. తేడా 300 రెట్లు! డిస్కు మారలేదు, మోటారు మారలేదు, అడిగిన తీరు ఒక్కటే మారింది. వేసవిలో తునికాకు కోసే కుటుంబాలకు ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. ఆకును యాభై చొప్పున కట్ట కడతారు, వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. ఆకు కోసినప్పుడల్లా కల్లానికి నడిచి, ఆ ఒక్క ఆకూ లెక్కపెట్టించుకుని తిరిగి అడవిలోకి వెళ్లే మనిషిని ఊహించండి. చేతి వేగం ఎంత ఉంటే ఏం లాభం, రోజంతా దారిలోనే పోతుంది. కెర్నెల్ చేసే మొదటి మేలు ఇదే, కట్టలు కట్టడం. పక్కపక్క ముక్కలకు వచ్చిన కోరికల్ని కలిపి ఒకే పెద్ద కోరికగా పంపుతుంది. ఒక ఫైలును మొదటినుంచి చదువుతున్నారని పసిగడితే, అడగకముందే తర్వాతి భాగాన్ని కూడా తెచ్చి మెమరీలో పెడుతుంది.

కట్టిన కట్టల్ని ఏ వరసలో తీసుకెళ్లాలన్నది రెండో నిర్ణయం. భద్రాచలం నుంచి వెంకటాపురం దారిలో దుమ్ముగూడెం, చర్ల వస్తాయి. ఉత్తరాలు పంచే మనిషి అవి వచ్చిన వరసలోనే పంచాలని పట్టుబడితే చర్లకు వెళ్లి, దుమ్ముగూడేనికి వెనక్కి వచ్చి, మళ్లీ వెంకటాపురం పోవాలి. దారి వెంట వరస పెట్టుకుంటే ఒక్క ప్రయాణం చాలు. డిస్కు ముల్లును ఇలా ఒక కొస నుంచి ఇంకో కొసకు నడిపించే పద్ధతిని లిఫ్టుతో పోలుస్తారు. ఇందులో ఒక అన్యాయం దాగి ఉంది. దుమ్ముగూడేనికి కొత్త ఉత్తరాలు వస్తూనే ఉంటే ఆ మనిషి అక్కడే తిరుగుతూ ఉంటాడు, వెంకటాపురం ఉత్తరం సంచి అడుగున పడి ఉంటుంది. మొత్తం పంచిన ఉత్తరాల లెక్క చూస్తే ఘనంగానే ఉంటుంది, ఎదురుచూసేవాడి గోడు ఆ లెక్కలోకి రాదు. అందుకే యెన్స్ ఆక్స్‌బో లినక్స్ కోసం రాసిన, కోరికల వరస తేల్చే డెడ్‌లైన్ షెడ్యూలర్ ప్రతి కోరికకూ గడువు పెట్టింది. మామూలుగా చదివే కోరికకు అర సెకను, రాసే కోరికకు 5 సెకన్లు. ఈ పది రెట్ల తేడాలో ఎంతో ఆలోచన ఉంది. చదవమని అడిగిన ప్రోగ్రాము ఆ సమాచారం అందేదాకా అడుగు కదల్చలేదు, దాని వెనుక మనిషి తెర వంక చూస్తూ నిలబడి ఉంటాడు. రాయమన్న ప్రోగ్రాము చాలాసార్లు అప్పగించి తన దారిన పోతుంది. కౌంటర్ ముందు నిలబడినవాణ్ని ముందు పంపి, సంచి వదిలి వెళ్లినవాడి పని తర్వాత చూసుకోమనడం అది. ఇంజినీరింగ్‌లో ఇంత మనిషితనం ఉన్న అంకెలు అరుదు.

ఇంకా విచిత్రమైన సంగతి, ఒక్కోసారి ఏమీ చేయకుండా ఆగితేనే పని ఎక్కువ జరుగుతుంది. ఒక ప్రోగ్రాము ఒక ముక్క చదివి, దాన్ని క్షణం చూసుకుని, పక్క ముక్క అడుగుతుంది. ఆ క్షణం ఖాళీని చూసి కెర్నెల్ తొందరపడి ముల్లును డిస్కు అవతలి కొసకు పంపేస్తే, వెంటనే ఇవతల నుంచి పిలుపు వస్తుంది. ముల్లు పోవడం, రావడంతోనే సరిపోతుంది. 2001లో సీతారాం అయ్యర్, పీటర్ డ్రుషెల్ దీన్ని మోసపుచ్చే ఖాళీగా గుర్తించి, కొన్ని మిల్లీసెకన్లు కావాలనే ఆగే షెడ్యూలర్‌ను ప్రతిపాదించారు. పరుగెత్తి వస్తున్న ప్రయాణికుణ్ని చూసి కండక్టర్ ఒక్క క్షణం రైట్ చెప్పకుండా ఆగడం లాంటిదే. 2003 డిసెంబరులో వచ్చిన లినక్స్ 2.6లో ఆ ఊహ అమల్లోకి వచ్చింది. అంతకు పదేళ్ల ముందే, 1993లో, అన్నపరెడ్డి లక్ష్మీ నరసింహారెడ్డి, జిమ్ వైలీతో కలిసి వీడియో, ఆడియో నిల్వల కోసం ఇదే కోవలో ఇంకో దారి చూపించారు. తర్వాత టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన ఆయన అప్పుడు ఐబీఎంలో ఉన్నారు. వీడియోకు వేగం ఒక్కటే చాలదు, ప్రతి ముక్కా ఆడే వేళకు అందాలి. కేవలం గడువు చూసి పంపితే ముల్లు అటూ ఇటూ పరుగెత్తి అలసిపోతుంది. దారి ఒక్కటే చూస్తే గడువులు తప్పుతాయి. వాళ్ల పద్ధతి ముందు గడువునే చూస్తుంది. ఒకే గడువున్న కోరికలు దొరికితే వాటిలో వాటిని దారి వరసలో పెడుతుంది. గడువుల్ని కాస్త సర్ది ఒకే వేళకు వచ్చేలా చేస్తే ఒక్కో గుంపు పెద్దదవుతుంది, ముల్లు ప్రయాణం తగ్గుతుంది. గడువునూ దారినీ ఒకదానికొకటి శత్రువులుగా చూడకుండా, రెండింటికీ చోటున్న సర్దుబాటు కనిపెట్టడం ఈ రంగంలో తెలుగు పేరుతో ఉన్న మంచి పని. మన పత్రికల్లో దీని ప్రస్తావన వచ్చి ఉండాల్సింది.

చదవడం, రాయడం పూర్తయ్యేదాకా ప్రోగ్రాము నిలబడిపోకుండా ఉండే ఏర్పాటు కూడా ఇలాగే ఏళ్లు పట్టింది. 2003లో ఒట్టావా లినక్స్ సదస్సులో సుపర్ణ భట్టాచార్య, స్టీవెన్ ప్రాట్, బదరి పులవర్తి, జానెట్ మోర్గన్ కలిసి ఒక పత్రం సమర్పించారు. కోరిక అప్పగించి, జవాబు కోసం అక్కడే కూర్చోకుండా వేరే పని చూసుకుని, తయారైనప్పుడు కబురందుకునే పద్ధతి గురించిన పత్రం అది. ఆస్పత్రిలో రక్తం నమూనా ఇచ్చి, రిపోర్టు వచ్చేలోగా ఓపీ చీటీ పని చూసుకున్నట్టు. అయితే చాలాకాలం లినక్స్‌లో ఈ సౌకర్యం, మెమరీ నిల్వను దాటేసి నేరుగా డిస్కుతో మాట్లాడే ప్రోగ్రాములకే, అంటే ఎక్కువగా పెద్ద డేటాబేస్‌లకే సరిగ్గా అందింది. మామూలు ప్రోగ్రాములు కౌంటర్ ముందు నిలబడుతూనే ఉన్నాయి. 2019 మే నెలలో వచ్చిన 5.1 కెర్నెల్‌తో ఐఓ యూరింగ్ అనే ఏర్పాటు అడుగుపెట్టాక ఆ గీత చెరిగింది. ప్రోగ్రాముకూ కెర్నెల్‌కూ మధ్య రెండు ఉమ్మడి పళ్లేలు ఉంటాయి, ఒకటి కోరికలకు, ఇంకొకటి జవాబులకు. వంద కోరికలు ఒకటో పళ్లెంలో పెట్టి ఒక్కసారి తలుపు తడితే చాలు. కట్ట కట్టడం మళ్లీ ఇక్కడ కూడా వచ్చింది చూడండి.

ఇక్కడ చాలామంది వేసే ప్రశ్న ఒకటుంది. తిరిగే డిస్కులు పోయి ఎస్‌ఎస్‌డీలు వచ్చాయి, ముల్లే లేనప్పుడు ఈ వరసల గొడవ ఎందుకు, కొత్తది కొని పెట్టేస్తే సరిపోదా? ప్రశ్నలో సగం న్యాయం ఉంది. పాత హార్డ్‌డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ పెడితే వచ్చే తేడా ఏ షెడ్యూలర్ మార్చినా రాదు, కొనగలిగినవాళ్లు కొనాలి. ఆగి చూసే షెడ్యూలర్‌ను కూడా 2010లో కెర్నెల్ నుంచి తీసేశారు. కానీ పరికరం వేగం పెరిగేకొద్దీ జరిగిన విచిత్రం ఏమిటంటే, ఆలస్యం వచ్చి కెర్నెల్‌లోనే కూర్చుంది. డిస్కును కంప్యూటర్‌కు కలిపే పాత సాటా పద్ధతిలో డిస్కు ముందు ఒకే క్యూ, అందులో ఒకేసారి 32 కోరికలు. 2011లో వెలువడిన ఎన్‌వీఎంఈ ప్రమాణం 65 వేలకు పైగా క్యూలకు, ఒక్కో దాంట్లో 65 వేలకు పైగా కోరికలకు చోటిచ్చింది. అవతల అన్ని కిటికీలు తెరిచారు, ఇవతల కెర్నెల్ మాత్రం అందరి పేర్లూ ఒకే పుస్తకంలో, ఒకే తాళం కింద రాస్తోంది. ఎనిమిది ప్రాసెసర్ కోర్లున్నా ఎనిమిదీ ఆ తాళం కోసం కొట్టుకోవాల్సిందే. మతియాస్ బ్యోర్లింగ్, యెన్స్ ఆక్స్‌బో, డేవిడ్ నెలన్స్, ఫిలిప్ బోనే 2013లో దీన్ని కొలిచి చూపించి, ప్రతి కోర్‌కూ తన క్యూ తనకు ఇచ్చే కొత్త పొందిక ప్రతిపాదించారు. 2014 జనవరిలో 3.13 కెర్నెల్‌లో అది చేరింది. 2019 మార్చిలో వచ్చిన 5.0 నాటికి పాత ఒంటి క్యూ పద్ధతి పూర్తిగా తొలగిపోయింది. అందుకే కొత్తది కొంటే చాలు అనే మాట నేను ఒప్పుకోను. కొత్త పరికరం నుంచి ఎంత వేగం రాబట్టగలమన్నది మళ్లీ కెర్నెలే తేలుస్తుంది.

పైగా ఏజెన్సీ ప్రాంతంలో ఎక్కువమంది చేతిలో ఉన్న నిల్వ ఎన్‌వీఎంఈ కాదు, తక్కువ ధర ఫోన్‌లోని ఫ్లాష్ చిప్పు. అక్కడ ఫోన్ నెమ్మదించగానే అందరి నోటా వచ్చే మాట సిగ్నల్ లేదని. సిగ్నల్ సరిగ్గా లేని చోట్లు ఉన్న మాట నిజమే, దాన్ని కాదనను. కానీ నింద మొత్తం టవర్ మీదే వేయడం తప్పని చెప్పే సాక్ష్యం ఉంది. హ్యోజున్ కిమ్, నితిన్ అగ్రవాల్, క్రిస్టియన్ ఉంగురేయాను 2012లో ఆండ్రాయిడ్ ఫోన్ల మీద చేసిన అధ్యయనంలో వైఫై కనెక్షన్ అలాగే ఉంచి, లోపలి ఫ్లాష్ నిల్వను మాత్రం మార్చి చూశారు. అప్లికేషన్ల వేగంలో మామూలుగా 100 నుంచి 300 శాతం దాకా తేడా వచ్చింది. ఒక్క సందర్భంలో 2000 శాతం దాటింది. అప్లికేషన్ ప్రతి చిన్న విషయాన్నీ తన చిన్న డేటాబేస్‌లో రాసి, అది చిప్పుకు చేరిందన్న కబురు కోసం ఆగుతూ పోవడం ప్రధాన కారణాల్లో ఒకటి. ఒక్కొక్క ఆకుతో కల్లానికి నడవడం అంటే ఇదే. ఫ్లాష్ చిప్పుకు ఇంకో గుణం ఉంది. రాసినచోటే నేరుగా మళ్లీ రాయలేదు, ఒక పెద్ద గడిని మొత్తం తుడిచాకే రాయగలదు. ఫోటో మనం తీసేసినా, ఆ చోటు ఖాళీ అయిందని ఎవరూ చెప్పకపోతే చిప్పు దాన్ని ఇంకా మోస్తూనే ఉంటుంది. 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.3 ఆ కబురు చిప్పుకు చేరవేసే ఏర్పాటు తెచ్చింది. అదే ఏడాది శామ్‌సంగ్ ఇంజినీర్లు రాసిన ఎఫ్‌2ఎఫ్‌ఎస్ అనే ఫైల్ వ్యవస్థ లినక్స్‌లో చేరింది. చెల్లాచెదురు రాతల్ని వరస రాతలుగా మార్చడం దాని పని. ఫోన్ నిండా వీడియోలు నింపి నెట్ స్లో అని విసుక్కునేవాళ్లు ముందు నాలుగైదు జీబీ ఖాళీ చేసి చూడటం మంచిది.

ఇప్పుడు జిరాక్స్ షాపు పెన్‌డ్రైవ్ దగ్గరికి వద్దాం. రాయమన్నదాన్ని కెర్నెల్ వెంటనే పరికరానికి పంపదు, మెమరీలో పోగుచేస్తుంది. అయిదు సెకన్లకోసారి నిద్రలేచి, 30 సెకన్లు దాటిన వాటిని పంపుతుంది. పోగు మరీ పెద్దదైతే ముందే పంపడం మొదలుపెడుతుంది. పోగు పరిమితి మామూలుగా వాడకానికి దొరికే మెమరీలో 20 శాతం. 8 జీబీ మెమరీ ఉన్న కంప్యూటర్‌లో అది ఒకటి ఒకటిన్నర జీబీ దాకా వెళుతుంది. చవక పెన్‌డ్రైవ్ సెకనుకు 5 మెగాబైట్లే రాయగలిగితే ఆ పోగు కరగడానికి అయిదు నిమిషాలు. గీత చూపించింది మెమరీలోకి చేరిన లెక్క, పెన్‌డ్రైవ్‌కు చేరిన లెక్క కాదు. ఈ పోగు వల్లే మిగతా పనులకు వేగం వస్తుంది. ఒకే చోట పదిసార్లు దిద్దిన ఉత్తరం పదిసార్లు కాకుండా ఒక్కసారే డిస్కుకు పోతుంది. చిక్కు ఏమిటంటే, పోగంతా ఒక్కసారి డిస్కు మీద పడినప్పుడు ఫైలు తెరవమని అడిగినవాడు వెనక ఇరుక్కుంటాడు. ఇసుక లారీలు వరసకట్టిన గోదావరి వంతెన మీద ఆటోలో పేషెంటు ఇరుక్కున్నట్టు. 2017 ఫిబ్రవరిలో 4.10 కెర్నెల్‌తో ఆక్స్‌బో తెచ్చిన మార్పు ఆ లారీలను కొన్ని కొన్నిగా వదలమంది. చదివే కోరికలకు పడుతున్న సమయాన్ని కొలుస్తూ, అది పెరిగితే వెనకటి రాతల్ని బిగపడుతుంది, తగ్గితే వదులుతుంది.

పోగు చేయడం ప్రమాదం కదా, కరెంటు పోతే మెమరీలో ఉన్నదంతా పోదా? అన్ని అభ్యంతరాల్లోకీ బరువైనది ఇదే, గాలివాన వస్తే గంటలకొద్దీ కరెంటు ఉండని ఊళ్లలో మరీనూ. 2009లో ప్రపంచం దీని రుచి చూసింది. అప్పటికి కొత్తగా వచ్చిన ఎక్స్‌ట్4 ఫైల్ వ్యవస్థ వేగం కోసం, డిస్కులో చోటు కేటాయించడాన్ని చివరి నిమిషం దాకా వాయిదా వేసేది. దాని వల్ల ముక్కలన్నీ ఒకేచోట వరసగా పడేవి. కానీ కంప్యూటర్ హఠాత్తుగా ఆగిపోతే కొందరి ఫైళ్లు పేరుతో మిగిలి, లోపల సున్నా బైట్లతో కనిపించాయి. ఖచ్చితంగా డిస్కుకు చేరాలనుకుంటే ఎఫ్‌సింక్ అనే ఆజ్ఞ ఇవ్వాలి, ఇవ్వకపోవడం ప్రోగ్రాముల తప్పు అని ఎక్స్‌ట్4 ముఖ్య రచయిత థియోడర్ ట్సో వాదించారు. నియమం ప్రకారం ఆయన చెప్పింది సరైనదే. అయినా పాత ఫైలు స్థానంలో కొత్తది పెట్టే సందర్భాల్లో ముందే రాసేసేలా ఆయనే దిద్దారు. అది నాకు చాలా గౌరవం కలిగించే పని. నియమం తన వైపు ఉన్నా, నష్టపోయేది ఎవరో చూసి తగ్గడం గొప్పే. 2018లో ఇంకో లోపం బయటపడింది. ఎఫ్‌సింక్ ఒకసారి విఫలమైందని చెప్పాక, మళ్లీ అడిగితే కెర్నెల్ అంతా బాగుందని చెప్పే పరిస్థితి ఉందని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ తయారీదారులు గుర్తించారు. రాయలేకపోయిన సమాచారాన్ని రాసినట్టే లెక్కవేసింది. మరుసటి ఏడాది వాళ్లు తమ డేటాబేస్‌ను మార్చారు. ఎఫ్‌సింక్ విఫలమైతే ఇక నమ్మకుండా ఆగిపోయి, చిట్టా చూసి మళ్లీ మొదలయ్యేలా చేశారు. ఇందులో నా పక్షం స్పష్టం. కబురు ఆలస్యంగా చెప్పినా ఫరవాలేదు, అబద్ధం చెప్పకూడదు. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71.3 అడుగులకు ఎక్కిన నీటి లెక్కల లాంటివి అర్ధరాత్రి కరెంటు లేనివేళ నమోదు చేసే యంత్రం, సేవ్ అయిందని చెప్పిందంటే అయి ఉండాలి. పెళ్లి వీడియో అర నిమిషం మెమరీలో ఉన్నా కొంపలంటుకోవు. రెండింటికీ ఒకే పద్ధతి పెట్టడమే పొరపాటు. తేడా చెప్పడానికే ఎఫ్‌సింక్ ఉన్నది.

రోడ్డు లేని, అంబులెన్సు రాని గూడేలకు కెర్నెల్ ముచ్చట్లు ఎందుకని అడిగేవాళ్లూ ఉంటారు. రోడ్డూ అంబులెన్సే ముందు, సందేహం లేదు. కానీ 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చే హక్కులు, 2023లో తెలంగాణ పంచిన పోడు పట్టాలు, రేషన్ షాపులో వేలిముద్ర, అన్నీ ఇప్పుడు కంప్యూటర్ గుండానే నడుస్తున్నాయి. 2014లో భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండి చుట్టూ ఉన్న మండలాల్లో కొన్ని ఆంధ్రప్రదేశ్‌కు పోయాక, ఒకే కుటుంబం కాగితాలు రెండు రాష్ట్రాల కంప్యూటర్లలో వెతుక్కోవాల్సి వచ్చింది. కౌంటర్ దగ్గర యంత్రం నిలిచిపోతే పోయేది ఒక రోజు కూలి. పైగా ఇది పైసా ఖర్చు లేని బాగు. రోడ్డును ప్రతి ఊరికీ విడిగా వేయాలి. కెర్నెల్‌లో ఒకసారి దిద్దిన తప్పు, అప్‌డేట్ చేరిన ప్రతి యంత్రంలోనూ దిద్దినట్టే. చిక్కంతా ఆ చేరడంలో ఉంది. 2017లో వచ్చిన రాతల అదుపు, అంతకుముందటి కెర్నెల్‌తోనే ఆగిపోయిన ఫోన్లకు అందదు. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన చవక ఫోన్ కొన్నవాళ్లు, పరికరం బాగానే ఉన్నా పాత కెర్నెల్ ఆలస్యాన్ని మోస్తూనే ఉంటారు. ఎన్నేళ్లు అప్‌డేట్ ఇస్తారన్నది కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లన్న దానికంటే పెద్ద ప్రశ్న.

పెన్‌డ్రైవ్ చిక్కుకు కూడా మందు ఉంది. పోగు పరిమితిని కంప్యూటర్ మొత్తానికి కలిపి కాకుండా ఒక్కో పరికరానికి విడిగా పెట్టే వీలు లినక్స్‌లో ఉంది. పెన్‌డ్రైవ్‌కు వంద మెగాబైట్లు దాటనివ్వవద్దని చెబితే గీత నెమ్మదిగా నడుస్తుంది. కానీ చివరికి చేరేసరికి మిగిలేది ఇరవై సెకన్ల రాతే. మామూలుగా ఆ పరిమితి నూటికి నూరు శాతంగా వదిలేసి ఉంటుంది. కార్యాలయాలకు, సేవా కేంద్రాలకు కంప్యూటర్లు సిద్ధం చేసి పంపేవాళ్లు ఒక చిన్న ఫైల్లో రెండు వరసలు రాస్తే సరిపోతుంది, బస్సుకు టైమైనవాడు పెన్‌డ్రైవ్ లాగే వేళకు రాత దాదాపు పూర్తయి ఉంటుంది.